మావారి పడవ ఎప్పటికి నీళ్ళలో దిగుతుంది?

ఈ వారం ఉత్తరం బరంపురం నుంచి వచ్చింది. ఏడు పేజీలు, చేతిరాత. రాసినావిడకు 57 ఏళ్ళు. టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్తకు 61. ఆయన 33 ఏళ్ళు సరుకు ఓడల్లో పనిచేసి చీఫ్ ఇంజనీరుగా దిగిపోయారు. ఆయన తాతగారు గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకొచ్చిన మనిషి. ఆ కథలు వింటూ పెరిగినాయనకు ఒకటే కోరిక. సొంత తెరచాప పడవలో భార్యాభర్తలిద్దరూ శ్రీలంక, అండమాన్, అక్కణ్ణుంచి థాయ్‌లాండ్ వైపు తిరుగుతూ రెండు మూడేళ్ళు అందులోనే కాపురం ఉండాలి.

నాలుగేళ్ళ కిందట కొచ్చిలో ఒక 36 అడుగుల ఫైబర్ పడవను 14 లక్షలకు కొన్నారు. 1986లో తయారైంది. "ఆరు నెలల్లో రెడీ" అన్నారు. ఆ తర్వాత ఇంకో 23 లక్షలు పెట్టారు. పడవ ఇప్పటికీ యార్డులో ఇనప స్టాండ్ల మీదే ఉంది. ఆయన రెండు నెలలకోసారి రైలెక్కి వెళ్ళి ఇరవై రోజులు ఉండి వస్తారు. ఇంట్లో 84 ఏళ్ళ అత్తగారు ఉన్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు "అమ్మేయమను" అంటాడు. పోయిన దసరాకు బ్యాంకుకు వెళితే, ఆరు లక్షల ఎఫ్‌డీ తనకు చెప్పకుండా తీసేసినట్టు ఈవిడకు తెలిసింది. అడిగితే "ఇంకొక్క సీజన్" అన్నారట.

ఆవిడ అడిగినవి మూడు. ఇంకా ఎంత పెట్టాలి? ఆయన్ని ఆపాలా? ఆపాలనిపించేది నా భయం వల్లేనా? ఆయన రాసుకునే ఖర్చుల పుస్తకంలో నాలుగు పేజీలు ఫొటో తీసి జతచేశారు. చివర్లో ఒక తోకముక్క: "చిలికాలో కాళీజాయి గుడికి వెళ్ళేటప్పుడే లాంచీలో వాంతులయ్యాయి. నాకు ఈత కూడా రాదు. నేను పనికొస్తానా?"

*

అమ్మా,

మీ భయం గురించి మీరు నాలుగు పేజీలు రాశారు. నేను మాత్రం ఆ ఫొటోల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాను. పాత అలవాటు. ఇరవై రెండేళ్ళు పడవల సర్వేయరుగా, అంటే పడవ బాగోగులు పరీక్షించి రాసిచ్చే పని చేసినవాణ్ణి, ఎవరి బిల్లులు దొరికినా చదవకుండా ఉండలేను.

మీవారి పుస్తకం చూడముచ్చటగా ఉంది. తేదీ, వస్తువు, బిల్లు నంబరు, పక్కన చిన్న అక్షరాలతో ఎందుకు కొన్నారో కూడా. ఇంజన్ రెండుసార్లు విప్పి బిగించడానికి 4.6 లక్షలు. డీజిల్ జనరేటర్‌కు 3.2. ఉప్పునీటిని మంచినీరు చేసే వాటర్‌మేకర్‌కు 3.9. ఏసీకి 1.4. సోలార్, బ్యాటరీలకు 2.3. పడవ అడుగు గీకి ఎపాక్సీ పూత వేయడానికి 3.1. మిగతాది యార్డు అద్దె, రైళ్ళు, బస. చదివి పక్కన పెట్టాక తట్టింది. ఇందులో ఇంజనీరు కనిపిస్తున్నాడు గానీ తెరచాప పడవ కనిపించడం లేదు. మాస్టును, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, పట్టి ఉంచే తీగల మాట ఒక్కసారి కూడా లేదు. అడుగున ఉండే వాల్వుల మాట లేదు. చుక్కాని మాటా లేదు.

ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మనిషి తనకు చేతనైన పని ముందు మొదలుపెడతాడు, రాని పనిని వాయిదా వేస్తాడు. 33 ఏళ్ళు ఇంజన్ రూములో ఉన్నాయనకు పిస్టన్ చప్పుడు వింటే రోగం తెలుస్తుంది. ముప్పై అడుగుల పైన గాలిలో ఒక తీగ చివర ఏమవుతోందో ఆయన ఓడల్లో చూడాల్సిన అవసరమే రాలేదు. అందుకే ఇంజన్ రెండోసారి విప్పారు. నాకైతే మీ పడవ నాలుగేళ్ళుగా కదలకపోవడానికి సగం కారణం డబ్బు కాదు, ఇదే అనిపిస్తోంది.

మీ మొదటి ప్రశ్నకు ఇక్కణ్ణుంచే జవాబు దొరుకుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి.

పడవలో మాస్టు దానంతట అది నిలబడదు. చుట్టూ ఎనిమిదో పదో స్టీలు తీగలు లాగి పట్టుకుని ఉంటాయి. వాటిలో ఒక ముఖ్యమైన తీగ తెగితే మాస్టు మొత్తం సముద్రంలో పడుతుంది, పడి ఊరుకోకుండా అలల్లో పడవనే పొడుస్తుంది. ఈ తీగలు పైకి తళతళలాడుతూనే లోపల అలసిపోతాయి. అందుకే పదేళ్ళు, మహా అయితే పదిహేనేళ్ళు దాటితే చూపుకు బాగున్నా మార్చేయమంటారు. మీ పడవ తీగలు ఎప్పటివి? "మార్చాం" అని అమ్మినాయన నోటిమాటగా అన్నాడని మీరే రాశారు. బిల్లు లేదు. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క.

మన గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు జాలర్లను, ఒడియావాళ్ళు నోళియాలంటారే, వాళ్ళలో పెద్దవాళ్ళను అడిగి చూడండి. ఓడలు దూరంగా లంగరేసుకునే రోజుల్లో ఆ కెరటాల మీదుగా మనుషుల్నీ మూటల్నీ చేరవేసింది కొబ్బరిపీచు తాడుతో కుట్టిన చెక్క పడవలు. మేకు ఉండేది కాదు. తాడు పాతబడితే విప్పి మళ్ళీ కుట్టేవారు. తెగేదాకా చూద్దాం అని ఎవరూ అనుకోలేదు. మీవారి తాతగారు స్టీమరు దాకా వెళ్ళింది బహుశా అలాంటి కుట్టు పడవలోనే.

మీరు కూడా చేయగల పరీక్ష ఒకటుంది. గుప్పెడు దూది తీసుకుని తీగ పొడవునా తుడవండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుందంటే అక్కడ ఒక పోచ తెగి ముల్లులా లేచిందన్నమాట. ముఖ్యంగా కింద, తీగ వెళ్ళి గొట్టంలాంటి బిగింపులో దూరేచోట చూడండి. చేతికి గుచ్చుకుంటుంది, గ్లౌజు వేసుకోండి. దూది చిక్కుకోలేదు కదా అని బాగుందనుకోకూడదు. చిక్కుకుంటే మాత్రం ఇక వాదన అక్కర్లేదు.

ఆ తీగలు డెక్కును, అంటే పడవ పై తలాన్ని, దాటి లోపలికి వెళ్ళేచోట స్టీలు పట్టీలుంటాయి, చైన్‌ప్లేట్లు అంటారు. నేను ఒకసారి వీటి దగ్గరే దెబ్బతిన్నాను. ఒకాయన పడవ చూసి, పట్టీలు అద్దంలా ఉన్నాయి, పరవాలేదని రాసిచ్చాను. ఆరు నెలల తర్వాత ఆయన వేరే పని మీద ఒకటి ఊడదీస్తే డెక్కు మందంలో దాగిన భాగం చేతిలో బిస్కెట్టులా విరిగింది. స్టెయిన్‌లెస్ స్టీలుకు గాలి తగలాలి. తగలకుండా తడిలో మూసి ఉంచితే సన్నటి పగుళ్ళలోంచి తినుకుపోతుంది, బయటికి ఒక్క టీ మరక మాత్రం కనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఊడదీయని చైన్‌ప్లేటు గురించి మంచిమాట రాయలేదు నేను. మీ పడవలో కూడా కనీసం రెండు ఊడదీసి చూడమనండి.

తర్వాత అడుగున ఉండే వాల్వులు. సింకు, టాయిలెట్, ఇంజన్‌కు చల్లనీళ్ళు, ఇలా నీటిమట్టం కిందే పడవకు ఏడెనిమిది కన్నాలుంటాయి. ఒక్కోదానికి ఒక వాల్వు, ఒక రబ్బరు పైపు, రెండు క్లిప్పులు. వాల్వు మామూలు ఇత్తడిదైతే ఉప్పునీటిలో దానిలోని జింకు కరిగిపోతుంది. మిగిలేది గులాబీ రంగుకు తిరిగిన గుల్ల. సుత్తితో చిన్నగా తడితే రాలిపోతుంది. అవి కంచువి అయి ఉండాలి. ఒకటిన్నర అంగుళం పైపు రెండడుగుల లోతులో ఊడితే నిమిషానికి వంద లీటర్లకు పైగా నీళ్ళు లోపలికి వస్తాయి. మీ ఇంటి ఓవర్‌హెడ్ ట్యాంకు వెయ్యి లీటర్లదైతే అది పది నిమిషాల లోపే. ఈ పని పడవ గట్టు మీద ఉండగానే చేయాలి. నీళ్ళలో దిగాక మార్చాలంటే మళ్ళీ పైకి లేపాలి, మళ్ళీ క్రేను అద్దె.

డెక్కు గురించి ఒక్క మాట. రెండు ఫైబర్ పొరల మధ్య చాలా పడవల్లో తేలిక చెక్క ఉంటుంది. పాత మరల కన్నాల్లోంచి వాననీరు దిగి అది కుళ్ళుతుంది. కొచ్చి వానల్లో నాలుగేళ్ళు నిలబడిన పడవ కదా. సంతలో కుండ కొట్టి చూసినట్టు నాణెంతో తట్టుకుంటూ వెళ్ళండి. టంగుమంటే మంచిది, డబ్‌మంటే సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎపాక్సీకి పెట్టిన 3.1 లక్షల సంగతి వదిలేయండి. ఆ పూత వేసేది పడవ అడుగున ఫైబరు మీద లేచే బొబ్బల కోసం. అవి చూసేవాళ్ళను భయపెడతాయి గానీ వాటి వల్ల మునిగిన పడవ నేను చూడలేదు. అయిపోయింది, మంచిదే.

ఇంకొకటి మీ వంటింటి విషయం. గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే ఇంట్లోలా కిటికీలోంచి పోదు, పడవ అడుక్కు జారి నిలుస్తుంది. ఒక స్విచ్చు నిప్పురవ్వ చాలు. కాబట్టి సిలిండరు లోపల ఉండకూడదు. బయటికి రంధ్రమున్న ప్రత్యేకమైన పెట్టెలో ఉండాలి. పొయ్యి పడవతోపాటు ఊగుతూ మట్టంగా నిలిచేలా వేలాడదీసి ఉండాలి, గిన్నెలు జారకుండా కమ్మీలుండాలి. ఆ ఖర్చుల పుస్తకం పేజీల్లో పొయ్యి కూడా లేదు. ఏసీ ఉంది!

ఇప్పుడు "ఇంకా ఎంత" అన్నదానికి అంకె చెప్పలేను, చూడకుండా చెప్తే అబద్ధమవుతుంది. కానీ ఒక గీత గీయగలను. నీళ్ళు లోపలికి రాకుండా, మాస్టు పడకుండా, చుక్కాని ఊడకుండా, నిప్పు అంటుకోకుండా ఆపేవి ఒకవైపు. పడవ మునిగితే ఎక్కే తెప్ప లైఫ్‌రాఫ్ట్, ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపే ఈపర్బ్, దగ్గరి ఓడలతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో కూడా మొదటివైపే. సుఖానివన్నీ రెండోవైపు. వాటర్‌మేకర్‌నే తీసుకోండి. ఇద్దరికి తాగడానికి, వంటకు రోజుకు పది లీటర్లనుకుంటే 300 లీటర్ల ట్యాంకు నెల వస్తుంది. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) 1190 కిలోమీటర్లు. 5 నాట్ల వేగమంటే గంటకు తొమ్మిది కిలోమీటర్ల పైన, రోజుకు 220 కిలోమీటర్ల దాకా. అయిదారు రోజుల ప్రయాణం. పైగా ఆ యంత్రాన్ని వాడకుండా ఉంచితే లోపలి పొర పాడవుతుంది. కొన్నదేదో కొన్నారు, బిగించడానికి ఇప్పుడు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దనండి.

ఆ గీత ఎవరు గీయాలి? ఆయన కాదు, యార్డువాళ్ళు అసలే కాదు. పని పెరిగితే లాభపడేవాడు పని తగ్గించడు. బయటి సర్వేయరును పెట్టుకోండి. మాస్టు కిందికి దించి, పడవ గట్టు మీద ఉండగా చూడాలి. ఫీజు బరువే అనిపిస్తుంది, జనరేటర్ కంటే చవక.

"ఇంకొక్క సీజన్" అన్న మాట విని మీకు ఒళ్ళు మండింది. అందులో కొంత నిజం ఉందమ్మా. బంగాళాఖాతంలో ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి తుపాన్ల కాలం. మధ్యలో నైరుతి. ఒడియా తీరంలో ఉన్న మీకు ఇది నేను చెప్పాలా, ఫైలిన్ అక్టోబరు 12న వచ్చింది, ఫణి మే 3న. చిన్న పడవ అండమాన్ దాటాలంటే జనవరి నుంచి మార్చి లోపలే. అది తప్పితే ఏడాది పోయినట్టే. కాబట్టి ఆయన్ని "ఎప్పుడు" అని అడగకండి, "ఏ జనవరి" అని అడగండి. ఆ జనవరి కావాలంటే అక్టోబరుకు తీగలు, వాల్వులు అయిపోవాలి, నవంబరులో నీళ్ళలో దిగాలి, డిసెంబరు మొత్తం తీరం దగ్గరే తిరిగి చూడాలి. అక్టోబరుకు కాకపోతే ఆ జనవరి లేదు. కొట్టేసి తర్వాతది రాసుకోవడమే.

ఇంకో సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇద్దరే ఉన్న పడవలో భార్య అనే ప్రయాణికురాలు ఉండదు. ఆయన నిద్రపోయిన నాలుగు గంటలు పడవ బాధ్యత మీదే. దూరంగా ఓడ దీపాలు కనిపిస్తే అది మన వైపు వస్తోందా పక్కగా పోతోందా అని తేల్చుకోవాల్సింది మీరు. దారి పట్టి నడిపే యంత్రం ఉంటుంది, చూసే కళ్ళు మాత్రం మీవే. మీరు మనసు చంపుకుని "సరే" అంటే అది ఆయనకు చేసే మేలు కాదు, ఇద్దరికీ ప్రమాదం.

ఆడవాళ్ళకు చేతకాదని అనడం లేదు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి ఆరుగురు నేవీ అమ్మాయిలు 2018 మే 21న భూమి చుట్టి వచ్చారు. వాళ్ళలో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. ఆ పడవ పేరు తారిణి. మీ గంజాం కొండ మీది తారాతారిణి అమ్మవారి పేరే. కొత్త పడవ, వెనక నేవీ, ఏళ్ళ శిక్షణ. అయినా చుక్కాని వ్యవస్థ మొరాయించి మారిషస్‌లో పోర్ట్ లూయీకి వెళ్ళి బాగుచేయించుకున్నారు. 1986 నాటి పడవకు మీరిచ్చే గౌరవం ఎంత ఉండాలో దీన్నిబట్టి చూసుకోండి.

మీ ఉత్తరంలో అయిదో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఫైలిన్ రాత్రి ఆయన బ్రెజిల్ దగ్గరెక్కడో ఉన్నారు, నేనూ అత్తయ్యా తలుపుకు బీరువా అడ్డం పెట్టి తెల్లార్లూ దానికి వీపు ఆనించి కూర్చున్నాం." అది రాసి వెంటనే యార్డు అద్దె సంగతికి వెళ్ళిపోయారు. మీరు భయం అంటున్నది నాకు భయంలా అనిపించలేదు. ఆ బీరువాకు వీపు ఆనించినావిడ సముద్రానికి బెదిరే మనిషి కాదు. 33 ఏళ్ళు ఎదురుచూసి, ఇక ఇంట్లో ఉంటారనుకుంటే మనిషి మళ్ళీ పడవ దగ్గరికే పోయాడన్న కోపం అది. న్యాయమైనదే. కానీ ఆ కోపాన్ని వాటర్‌మేకర్ ధర మీద చూపిస్తే ఆయనకు అర్థం కాదు, బిల్లు తీసి చూపిస్తారు.

ఇక దారులు. నాకు తోచినవి చెప్తాను, తేల్చుకోవాల్సింది మీ ఇద్దరూ.

అమ్మేయవచ్చు. మీ అబ్బాయి అన్నది తెలివితక్కువ మాటేమీ కాదు. అయితే 37 లక్షలు పెట్టిన పడవకు 37 రావు, ఆ ఆశ ఉంటే ఈపాటికే వదులుకోండి. సగం విప్పిన పడవను కొనేవాడు విప్పిన సగానికి కోత వేస్తాడు. యార్డు అద్దె మాత్రం ఆ నెలతో ఆగుతుంది. ఇంట్లో ఉండే మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకంటే మీకు బాగా తెలుసు.

లేదా గీతకు ఇవతలి పనులకే ఒక మొత్తం కట్టి, అది దాటితే అమ్మకమే అని ఇప్పుడే ఒప్పుకోవచ్చు. నేనైతే ఇటే మొగ్గుతాను. దీనిలో చిక్కేమిటంటే, సర్వేయరు వచ్చాక ఆ మొత్తం చాలదని తేలవచ్చు. అప్పుడు మాట మీద నిలబడటం ఆయనకే కాదు, మీకూ కష్టంగా ఉంటుంది. అందుకే సర్వే ముందు, మొత్తం తర్వాత.

మూడోది, అండమాన్ మాట పక్కనపెట్టి, తీగలూ వాల్వులూ మార్చి పడవను నీళ్ళలో దించి, కొచ్చి బ్యాక్‌వాటర్స్‌లో లంగరేసుకుని ఇద్దరూ పదిరోజులు ఉండటం. ఏసీ లేకుండా, హోటలు భోజనం లేకుండా. రాత్రి లేచి తల ఎక్కడ కొట్టుకుంటున్నారో, చేత్తో పట్టుకోవడానికి కమ్మీ ఎక్కడ లేదో, ఆ టాయిలెట్‌తో మీరు వేగగలరో లేదో అక్కడ తెలుస్తుంది. నాలుగేళ్ళ ఖర్చు చెప్పని సంగతులు పదిరోజుల్లో బయటపడతాయి. మీకు బాగుంటుందేమో కూడా, ఎవరు చూశారు. అత్తగారిని ఆ పదిరోజులు ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోవాలి. రెండేళ్ళ ప్రయాణానికైతే ఆ ప్రశ్న ఇంకా పెద్దది. ఉత్తరంలో మీరిద్దరూ దాన్ని తప్పించుకున్నట్టే ఉంది.

ఇంకో దారి, సముద్రం దాటేటప్పుడు ఆయన పాత ఓడ స్నేహితుల్ని ఇద్దర్ని తీసుకెళ్ళడం, మీరు విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరి అక్కడ దీవుల మధ్య కలిసి తిరగడం. చాలామంది జంటలు ఇలాగే నెట్టుకొస్తారు. పడవకు ఇది క్షేమం. మీకు మాత్రం ఆ అయిదారు రాత్రులు మళ్ళీ పాత ఎదురుచూపే. దానికి మీరు సిద్ధమా కాదా అన్నది ఆయన ఊహించుకోకూడదు, మీ నోటితో వినాలి.

ఎఫ్‌డీ మాట వీటిలో దేనిలోనూ కలపకండి. పడవకు అవసరమా కాదా అన్న చర్చలోకి దాన్ని తెస్తే "అవసరమే కదా" అని తప్పించుకుంటారు. చెప్పకుండా తీయడం వేరే తప్పు. వేరే రోజు, పడవ పేరెత్తకుండా మాట్లాడండి. ఇకపై ఇద్దరి సంతకం లేనిదే డబ్బు కదలకుండా బ్యాంకులో ఏర్పాటు చేసుకోవచ్చు. మొదట చిన్నబుచ్చుకుంటారు.

చివరగా మీ తోకముక్క. చిలికాలో వాంతులైనంత మాత్రాన పనికిరారని కాదు. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్ళు అలవాటు పడుతుంది, కొద్దిమందికి ఎప్పటికీ పడదు. మీరు ఏ రకమో నీళ్ళ మీద ఉంటేనే తెలుస్తుంది. మాత్రలు డాక్టరును అడిగి తీసుకోండి, తిప్పడం మొదలయ్యాక కాదు, బయలుదేరే ముందే వేసుకోవాలి. గాలి తగిలేచోట కూర్చుని దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూడండి. ఈత ఒడ్డున నేర్చుకోండి, ఈ వయసులోనూ వస్తుంది. అయితే పడవ మీద మిమ్మల్ని కాపాడేది ఈత కాదు, ఛాతీకి కట్టి పడవకు తగిలించుకునే పట్టీ. రాత్రి డెక్కు మీదికి వస్తే అది లేకుండా అడుగు వేయకూడదు, ఆయనైనా సరే. మొదటి రోజు లోపలికి దిగి వంట పెట్టుకోకండి, కడుపులో తిప్పేది అక్కడే. ఇంటి దగ్గర కలుపుకెళ్ళిన పులిహోర ఒక పూట, రెండో పూట ఏ బిస్కెట్లో. వండమని ఆయన అడిగితే పొయ్యి ఎక్కడుందో ఆయన్నే చూపించమనండి.